పలకరింపు తప్పిన నెల

మనిషికి దూరపు చూపు ఎంత అవసరమన్నది చేసే పనిని బట్టి ఉంటుంది. దర్జీకి పెద్దగా అక్కర్లేదు. లెక్కల మాస్టారుకు మూడో బెంచీ దాకా కనిపిస్తే చాలు, నాలుగో బెంచీ ఎలాగూ ఆయన చేతిలో ఉండదు. లారీ డ్రైవరుకు కావాలి. మా కడప జిల్లాలో ఆ రోజుల్లో లారీ డ్రైవరుకన్నా ఎక్కువగా దాని అవసరం ఉన్న వృత్తి ఒకటి ఉండేది. ఆ వృత్తిలో ఉన్న ఒక పెద్దమనిషి దూరపు చూపు నా చేతుల మీదుగా తగ్గింది. తగ్గవచ్చునని నాకు ముందే తెలుసు. తెలియనిది ఆయనకే.

ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో ఆక్సిజన్ ఛాంబర్ల దగ్గర పనిచేసే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. శిక్షణలో మీకు నిప్పు గురించి చెబుతారు, చెవిపోటు గురించి చెబుతారు, ఊపిరితిత్తుల గురించి చెబుతారు. నిజమే, అవన్నీ భయపడవలసినవే. నన్ను భయపెట్టింది మాత్రం సమ్మతి పత్రంలో అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో ఉన్న ఒక్క వరుస.

మాది జమ్మలమడుగు మిషన్ కాంపౌండు. నాన్న బడిపంతులు. నేను ప్రొద్దుటూరులో బి.ఎస్సీ. ఫిజిక్స్ చదివాను. ఆ చదువుకు మా ఊళ్ళ పక్క ఒక ఉద్యోగం ఉందని చాలాకాలం నాకూ తెలియదు, ఫిజిక్సుకూ తెలియదు. ప్రొద్దుటూరులో ఒక నర్సింగ్ హోమ్ డాక్టరు మద్రాసులో వాడిన ఛాంబర్ ఒకటి కొనుక్కొచ్చి, దాన్ని నడపడానికి ఒత్తిడి అంటే ఏమిటో తెలిసిన మనిషి కోసం వెతికాడు. నన్ను మూడు వారాలు మద్రాసు పంపి పని నేర్పించాడు. తిరిగొచ్చేసరికి నేను ఆపరేటర్ని.

యంత్రం పెద్దగా అర్థంకానిదేమీ కాదు. మనిషి పడుకునేంత పొడవున దళసరి ప్లాస్టిక్ గొట్టం. గాజులా కనిపిస్తుంది కాబట్టి అందరూ గాజు గొట్టం అనేవారు. రోగిని లోపల పడుకోబెట్టి, తలుపు బిగించి, మామూలు గాలికి రెండింతలకు పైగా ఒత్తిడితో ఆక్సిజన్ నింపుతాం. గంటన్నర అలాగే ఉండాలి. అలా ముప్పై, నలభై సిట్టింగులు పడితే మొండిపుండ్లు మానతాయి. లోపలివాళ్ళతో మాట్లాడటానికి నా బల్ల మీద ఒక ఫోను ఉండేది. వాళ్ళ మాట నా చెవిలో మాత్రమే వినిపిస్తుంది. నా మాట గదిలో ఉన్నవాళ్ళందరికీ వినిపిస్తుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

పెద్దమనిషిది మైలవరం డ్యాము పక్కన ఒక ఊరు. అందరూ పెద్దాయన అనేవారు. ఎన్నికలు రెండు నెలల్లో ఉన్నాయి. ఆయనకు చక్కెర జబ్బు, కాలిమీద మానని పుండు. కేసు షీటులో ముల్లు గుచ్చుకుందని రాయించారు. ముల్లు ఇనుపది, నాటుబాంబులోంచి ఒకే సాయంత్రం ఏడు గుచ్చుకున్నాయి. కడపలో కాలు తీసెయ్యాలన్నారట. ఒంటికాలితో ఓట్లు అడగవచ్చుగానీ, ఆయన వృత్తిలో అప్పుడప్పుడూ పరుగెత్తవలసి కూడా వస్తుంది. అందుకని మా గొట్టం దగ్గరికి వచ్చారు.

మొదటి రోజు రెండు జీపుల్లో పన్నెండు మంది దిగారు. వాళ్ళతోపాటు ఒక గోనెసంచీ దిగింది.

"సంచీలో ఏముందప్పా?" అని అడిగాను.

"టమోటాలు," అన్నాడొకాయన.

ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని, ఊపిరి బిగబట్టి టమోటాలు దించడం నేను అంతకుముందు చూడలేదు. అవతల గదిలో ఆక్సిజన్ సిలిండర్లు వరసగా నిలబడి ఉన్నాయి.

"టమోటాలకు ఈ గ్యాసు పడదు. రోడ్డవతల పెట్టండి," అన్నాను.

వాళ్ళు నా ముఖం చూశారు. నేను గోడ చూశాను. కాసేపటికి టమోటాలు రోడ్డవతలికి వెళ్ళాయి.

తర్వాత సమ్మతి పత్రం. రోగికి చదివి వినిపించి సంతకం తీసుకోవడం నా పని. గది నిండా మనుషులు. నైలాను బట్టలు కూడదు, అగ్గిపెట్టె కూడదు, ఉంగరాలూ తాయెత్తులూ తీసెయ్యాలి, తలకు నూనె కూడదు అని చదివాను.

"నూనె లేని తలతో ఊళ్ళోకి పోతే ఎవరు పోయినారని అడగరా అబ్బీ?" అన్నాడు పెద్దాయన.

"ఇంటికి పోయినాక పూసుకోండి సార్."

నవ్వాడు. అప్పుడు అందరూ నవ్వారు. ఆ వరుసలోనే నవ్వాలి కాబోలు. నేను చివరి అంశానికి వచ్చాను. 'ఇరవై సిట్టింగుల తర్వాత కొందరికి దూరపు చూపు తాత్కాలికంగా తగ్గవచ్చు' అని ఉంది. తలెత్తి చూశాను. పన్నెండు మంది వింటున్నారు. పెద్దాయనకు దూరం కనపడకుండా పోవచ్చు అన్న మాట ఆ గదిలో పలికితే, జమ్మలమడుగు బస్సుకన్నా ముందే అది అవతలి పార్టీ ఊరికి చేరుతుంది. అందుకని, "ఇంకా ఏవో చిన్న చిన్న ఇబ్బందులు," అని చదివాను. తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదామనుకున్నాను.

ఆయన ఒంటరిగా ఎప్పుడూ ఉండడని అప్పటికి నాకు తెలియదు.

డాక్టరు సాయంత్రం అడిగాడు. "అన్నీ చెప్పినావా? కండ్ల సంగతి?"

"చెప్పినా సార్," అన్నాను. ఉద్యోగంలో నేను చెప్పిన అబద్ధాల్లో అన్నిటికన్నా పొట్టిది అదే.

మర్నాటి నుంచి పదకొండు మంది వరండాలో ఉండేవారు. నా గదిలోకి ఒక్కడే వచ్చేవాడు, డ్రైవరు. నలభై ఏళ్ళుంటాయి. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, మంద వదిలి స్టీరింగు పట్టినవాడు. పద్దెనిమిదేళ్ళుగా పెద్దాయన జీపు అతనిదే. నా బల్ల పక్కనే స్టూలు వేసుకుని గంటన్నర కదలకుండా కూర్చునేవాడు. నన్ను అనుమానించి కాదు, ఎవర్నీ నమ్మకపోవడం అతని ఉద్యోగం. నన్ను అన్నా అనేవాడు. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద.

రెండో రోజే అడిగాడు. "ఈ ఎర్ర పిడి ఏందన్నా?"

బి.ఎస్సీ. చదివినవాణ్ణి కదా, వివరంగా చెప్పాను. "లోపల నిప్పంటుకుంటే గాలంతా ఒక్కసారిగా వదిలేదానికి. ఊరికే తిప్పకూడదు. లోపలి మనిషి భయపడి ఊపిరి బిగబట్టినాడనుకో, ఊపిరితిత్తులు చినుగుతాయి."

"చినిగితే?"

"అంతే."

"అట్లనా," అన్నాడు, పిడివైపు ఇంకోసారి చూసి. ఫిజిక్సు పట్ల అంత శ్రద్ధ ఉన్న శ్రోత నాకు అంతకుముందు దొరకలేదు. చాలా సంతోషించాను. ఆ సంతోషం దాదాపు నెల రోజులు నిలిచింది.

పుండు మానడం మొదలైంది. ఇరవై రెండో సిట్టింగు రోజు పెద్దాయన వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. అద్దాలు జేబులో ఉన్నాయి.

"ఏం ఆపరేటరప్పా, నీ గొట్టం శానా గట్టిది. పదేండ్లాయ నేను అద్దాలు ల్యాకుండా పేపరు చదివి. ఈ పొద్దు చదువుతాండా," అన్నాడు.

పాఠ్యపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు జరుగుతోంది. కంట్లో కటకం మారుతుంది, దగ్గరిది తేటపడుతుంది, దూరానిది మసకబారుతుంది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. కానీ చుట్టూ పన్నెండు ముఖాలు మెచ్చుకోలుగా నావైపే చూస్తున్నాయి.

"ఆక్సిజన్ సార్. అన్నిటికీ మంచిదే," అన్నాను.

ఇక్కడ మా ప్రాంతపు పద్ధతి ఒకటి చెప్పాలి, బయటివాళ్ళకు తెలియదు. పెద్దాయన లాంటి నాయకుడికి ఆస్తి, మనుషులు, జీపులు అన్నీ ఉంటాయి. అసలు బలం మాత్రం పలకరింపులో ఉంటుంది. వంద గజాల దూరంలో సైకిలు దిగిన మనిషిని గుర్తుపట్టి, "ఏంరా, శెనక్కాయకు తడి పెట్టినావా?" అని కేకేస్తాడు. ఆ మనిషి ఆ కేకతో సంవత్సరం బతుకుతాడు. ఇందులో రెండో వైపు కూడా ఉంది. చెయ్యెత్తి దండం పెట్టినవాణ్ణి చూసి కూడా నాయకుడు పలకలేదంటే, అతని పేరు ఏదో లెక్కలో మారిందని అర్థం. అలాంటివాడు కారణం అడగడు. పెళ్ళాం పిల్లల్ని అత్తగారింటికి పంపించి, తానేం చెయ్యాలో ఆలోచించుకుంటాడు. ఎందుకు పలకలేదని నాయకుణ్ణి అడిగే ఆచారం లేదు. కళ్ళు ఎలా ఉన్నాయని అడిగే ఆచారం అసలే లేదు.

ఇరవై ఐదో సిట్టింగు దాటాక కొన్ని వింతలు జరిగాయి. జమ్మలమడుగు బస్టాండు దగ్గర ఎదురొచ్చిన జీపుకు పెద్దాయన నవ్వుతూ చెయ్యి ఊపాడు. అది అవతలి పార్టీ నాయకుడి జీపు. ఆ ఊపులో రాజీ ఉందా బెదిరింపు ఉందా అని అవతలివాళ్ళు రెండు రోజులు కూర్చుని చర్చించారట. చివరికి బెదిరింపే అని తేల్చుకుని ఇంకో జీపు కొన్నారని వరండాలో చెప్పుకుని నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ జీపు ఎవరిదో ఆయనకు కనపడలేదని నాకు మాత్రమే తెలుసు.

ముప్పయ్యో రోజు పెద్దాయన లోపల కళ్ళు మూసుకుని పడుకున్నాడు. డ్రైవరు గొట్టంవైపు ఒకసారి చూసి, "ఒక మాటడగల్లా అన్నా," అన్నాడు.

"అడుగు."

"లోపలున్నప్పుడు ఫోన్లో ఆయప్ప నా గురించి ఏమన్నా అన్నాడా?"

"లేదే. ఏం?"

"నాలుగు దినాలాయ. గేటు కాడ జీపు పక్కన నిలబడి చెయ్యెత్తుతాండా. నా దిక్కే చూస్తాడు. పలకడు." వేళ్ళు విరుచుకున్నాడు. "నాకంటే ముందు ఒక డ్రైవరుండ్య. వాన్ని కూడా ఇట్లనే చూసినాడు. ఐదు దినాలు."

"ఆరో దినం?"

"ఆరో దినం వాడు ల్యాడు." చాలా మామూలుగా చెప్పాడు. "పెండ్లాన్నీ పిల్లోల్లనీ సింహాద్రిపురం పంపించినా, మా మామ వాండ్లింటికి. అవతలోల్లు కూడా మనిషిని పంపినారు. వచ్చేయమంటాండారు. ఉత్త చేతుల్తో వస్తే నమ్మేది ల్యాదంటాండారు."

ఉత్త చేతులు కాకపోతే ఇంకేం తీసుకురావాలో నేను అడగలేదు. అతను ఎర్ర పిడివైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి కష్టపడుతున్నాడని మాత్రం తెలిసింది.

నాకు అంతా అర్థమైంది. పెద్దాయనకు గేటు దగ్గర నిలబడ్డ మనిషి కనపడటం లేదు. నేను ఒక వరుస చదవనందుకు సింహాద్రిపురంలో ముగ్గురు పిల్లలు అమ్మమ్మ ఇంట్లో ఉన్నారు. ఆ మాట అప్పుడే చెప్పి ఉండవలసింది. అవతలి పార్టీ పిలుస్తున్న మనిషికి పెద్దాయన చూపు తగ్గిందని చెప్పడం మంచిదా అన్న సందేహం నా నోరు మూసింది. సిట్టింగు అయిపోగానే డాక్టరుకు చెబుదామని పరుగెత్తాను. ఆయన మద్రాసు వెళ్ళాడు, రెండు రోజులు రాడు.

ముప్పై ఒకటో సిట్టింగు. తలుపు బిగించాను, ఒత్తిడి పూర్తిగా ఎక్కింది. డ్రైవరు స్టూలు ఆ రోజు నా బల్లకు జానెడు దగ్గరగా ఉంది, పిడి ఉన్న వైపు. పావుగంటకు ఫోను దీపం వెలిగింది. తీశాను.

"నువ్వు ఊ అను, ల్యాకుంటే ల్యాదను. అంతకు మించి మాట్లాడగాకు. పక్కన వాడుండాడు," అంది పెద్దాయన గొంతు.

"ఊ."

"నాకు దూరం ఆనడంల్యా. గేటు కాడ మనిషుంటే మనిషని తెలుస్తాది, ఎవరని తెలీదు. నెల కిందట నా మిద్దె మీద నుంచి డ్యాము కట్ట మీద పోయేటోన్ని గుర్తుపట్టేటోన్ని. ఇది నీ గొట్టం చేసిన పనే. అవునా?"

గొట్టంలో ఆయన కదలకుండా పైకి చూస్తూ పడుకుని ఉన్నాడు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఆ గొట్టం తప్ప ఆయనకు ఏకాంతమన్నది లేదని నాకు అప్పుడు తెలిసింది. ఇన్ని రోజులూ దీనికోసమే ఆగాడు.

"ఊ," అన్నాను.

"ఇట్లయితాదని నీకు ముందే తెలుసా?"

లేదని అనవచ్చు. నాలుక దాకా వచ్చింది కూడా. "ఊ."

"ఎవరు చెయ్యమన్నారు?"

దీనికి ఊ అనీ లేదనీ జవాబు లేదు.

"సరే. ఇప్పుడు నేను నీ చేతిలో ఉండా. గంట తర్వాత నువ్వు నా చేతిలో ఉంటావు. ఆ లోపల ఆ పేరేందో గుర్తుచేసుకో."

దీపం ఆరిపోయింది. ఫోను పెట్టబోతే అది పక్కకు పడింది.

"ఏమంటాండాడు?" అన్నాడు డ్రైవరు.

"ఏం లేదు."

"ఏం లేకుండా నీ మొగం అట్లయితాదా? మూడు సార్లు ఊ అంటివి." గొంతు తగ్గించాడు. "నా గురించే గదా. చెప్పన్నా, నేనేం అనుకోను. ఈ పొద్దేనా? దావలోనా, ఇంటికాడనా?"

మాట్లాడుతూనే బల్లమీద చెయ్యి పెట్టాడు. చిటికెన వేలు ఎర్ర పిడికి తగిలీ తగలనట్టు ఉంది. అతనికి ఆ పిడి సంగతి నేర్పిన మాస్టారు ఎవరో మీకు తెలుసు.

ఆ గదిలో ఉన్నది ముగ్గురం. లోపలి మనిషి, నేను అవతలి పార్టీకి అమ్ముడుపోయానని అనుకుంటున్నాడు. బయటి మనిషి, నాకు తన చావు కబురు అందిందని అనుకుంటున్నాడు. ఇద్దరివీ రెండు వేరు వేరు భయాలు, రెండింటికీ కారణం ఒకటే. నేను చదవని ఒక వరుస. పరుగెత్తవచ్చు. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది, అవతల వరండాలో పదకొండు మంది ఉన్నారు. ధైర్యం వల్ల కాదుగానీ, వేరే దారి ఏదీ కనపడనందువల్ల నేను ఫోను తీసి గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాను. ఆ ఫోను గురించి మీకు ముందే చెప్పాను. నా మాట ఇద్దరికీ వినిపిస్తుంది.

"సార్, నాతో ఎవరూ చేయించల్యా. ఇది ఈ వైద్యం గుణం. ఇన్ని సిట్టింగులు పండుకుంటే దూరం మసకైతాది, దగ్గర బాగా కనపడతాది. మీరు అద్దాలు ల్యాకుండా పేపరు చదివింది అందుకే. నిలిపేస్తే రెండు మూడు నెలల్లో మల్లా మామూలైతాది. మొదటి దినం కాగితంలో రాసుండ్య. మీ మనుషుల ముందర చదివేదానికి భయపడి దాటేసినా. డాక్టరుకు చెప్పినానని అబద్ధం చెప్పినా. తప్పు నాది."

లోపల పెద్దాయన తల తిప్పాడు. బయట డ్రైవరు నోరు తెరిచాడు.

"ఇంకొక మాట సార్. మీ డ్రైవరు ఐదు దినాలుగా గేటు కాడ చెయ్యెత్తుతాండాడు. మీరు పలకల్యా. పిల్లోల్లను సింహాద్రిపురం పంపించినాడు."

చెప్పాల్సింది అయిపోయింది. రహస్యం చెప్పొద్దన్న మనిషి ముందే, ఎవరికి చెప్పకూడదో వాడికే చెప్పేశాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చిన్నప్పుడు నాన్న నేర్పిన ప్రార్థన గుర్తుచేసుకుంటే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. రెండో వాక్యం ఆ రోజు ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు.

చాలాసేపటికి నా చెవిలో, "ఫోను వానికియ్యి," అని వినిపించింది.

ఇచ్చాను. డ్రైవరు లేచి గొట్టం పక్కకు వెళ్ళి వంగాడు. ముఖం దాదాపు గాజుకు ఆనింది. అవతల పెద్దాయన కూడా తల ఎత్తి దగ్గరకు జరిగాడు. ఇద్దరి మధ్య మూరెడు దూరం. ఆ దూరంలో పెద్దాయన చూపు పదేళ్ళలో అంత బాగా ఎప్పుడూ లేదు. డ్రైవరు ముఖాన్ని పేపరు చదివినట్టు చదివాడు.

ఇప్పుడు నాకు ఒక వైపు మాటలే వినిపిస్తున్నాయి.

"ఊ," అన్నాడు డ్రైవరు. "ముగ్గురూ. వాండ్లమ్మ కూడా." కాసేపాగి, "సోమవారం." మళ్ళీ ఆగి, "నువ్వు పలకకపోతివి గదా నాయనా, నేనేమనుకోల్ల?" ఆ తర్వాత చాలాసేపు విన్నాడు. "వచ్చినారు. రమ్మన్నారు." ఇంకా విన్నాడు. "పోల్యా."

అతని భుజాలు కదలడం మొదలైంది. నవ్వో ఏడుపో వెనకనుంచి తెలియలేదు. ఫోను నాకు ఇచ్చి, స్టూలు తీసుకుని గోడవారకు, పిడికి అందనంత దూరంగా వేసుకుని కూర్చున్నాడు. పెద్దాయన ఏమన్నాడో అతను చాలా రోజుల తర్వాత చెప్పాడు. "నువ్వని తెలీల్యారా. కరెంటు స్తంభమనుకున్యా" అన్నాడట. పద్దెనిమిదేళ్ళ సేవలో ఆయన కోరిన క్షమాపణ అదొక్కటేనట.

మిగిలిన సమయం ముగిసింది. ఒత్తిడి మెల్లగా దించాను, మామూలు కన్నా మెల్లగా. నాకు తొందరేమీ లేదు. తలుపు తీశాక పెద్దాయన లేచి కూర్చుని, "ఆ కాగితం తీస్కరా," అన్నాడు.

తెచ్చాను. అద్దాలు లేకుండానే పైనుంచి కింద దాకా చదివి, చివరి వరుస మీద వేలు పెట్టాడు.

"శానా చిన్న అచ్చరాలు," అన్నాడు. "నీ పుణ్యాన బాగా కనపడతాండాయి."

కాగితం నా చేతికిచ్చాడు.

"డాక్టరుకు నువ్వే చెప్పు. నేను చెప్తే బాగుండదు," అని చెప్పు కాలికి తొడుక్కుని వెళ్ళిపోయాడు.

డాక్టరు తిరిగొచ్చాక అంతా విని కేకలేమీ వేయలేదు. తెల్లకాగితం తీసుకుని నాకు మెమో రాశాడు. నా ఉద్యోగంలో వచ్చిన ఒకే ఒక్క మెమో, ఇప్పటికీ నా దగ్గరుంది. పుండు అప్పటికి చింతగింజంత మిగిలింది. ఇక సిట్టింగులు చాలని నిలిపేశాడు. అది కట్టుతోనే మానింది.

చూపు తిరిగొచ్చే లోపల ఎన్నికలు ఉన్నాయి. నాయకుడు కళ్ళద్దాలు పెడితే ఊళ్ళో కారణం అడుగుతారు. ప్రొద్దుటూరులో కళ్ళద్దాల అంగడి సాయిబు ఒకాయన మా నాన్న దగ్గర చదువుకున్నవాడు, రహస్యం నోరు దాటనివ్వనివాడు. ఆయనే అద్దాల పెట్టె చంకన పెట్టుకుని నర్సింగ్ హోముకు వచ్చాడు. ఎదురుగా టైర్ల అంగడి బోర్డు చదివిస్తూ పరీక్ష చేశాడు. మైనస్ ఒకటిన్నర.

"నల్లద్దాల్లో ఈ పవరు ఏసిస్తా సామీ. చల్లగా ఉండాయని పెట్టుకున్యారనుకుంటారు," అన్నాడు.

పెద్దాయన ప్రచారమంతా నల్లద్దాలతో తిరిగాడు. రెండు వారాల్లో ఆయన పార్టీ కుర్రవాళ్ళంతా నల్లద్దాలు కొన్నారు. అవతలి పార్టీ వాళ్ళు కూడా కొన్నారు. సాయిబు అంగడికి ఆ ఎన్నికల్లో మంచి మెజారిటీ వచ్చింది. అద్దాలకు అందనంత దూరంలో ఎవరైనా చెయ్యెత్తితే, వెనక నిలబడ్డ డ్రైవరు పెదవులు కదిలేవి. "సైకిలు మామ, కోడలికి బాగల్యాకుండ్య." వెంటనే పెద్దాయన, "ఏం మామా, కోడలికెట్లుండాది?" అని కేకేసేవాడు. డ్రైవరు పిల్లలు సింహాద్రిపురం నుంచి ఆ వారమే తిరిగొచ్చారు.

మరి నా సంగతి? 'గంట తర్వాత నువ్వు నా చేతిలో ఉంటావు' అన్న మాటను ఆయన వెనక్కి తీసుకోలేదు. అలాంటి మాటలు వెనక్కి తీసుకునే ఆచారమూ లేదు. మూడు నెలలపాటు నేను ఇంటికి రోజుకో దారిలో వెళ్ళాను. ప్రొద్దుటూరులో అన్ని వీధులున్నాయని నాకు అప్పుడే తెలిసింది. జీపు చప్పుడు వినిపిస్తే ఏ అంగట్లోనో దూరి, అక్కరలేని వస్తువు బేరం చేసేవాణ్ణి. అలా బేరం కుదిరిపోయి కొన్న గొడుగు ఒకటి చాలాకాలం ఇంట్లో ఉండేది. మా ఆవిడ, మన జిల్లాలో గొడుగెందుకని అడిగేది.

ఒక పెళ్ళికి పులివెందుల వెళ్ళి, బస్టాండు బయట నిలబడి ఉన్నాను. రోడ్డుకు ఆ చివర ఒక జీపు ఆగింది. గుర్తుపట్టాను. దూరేందుకు అంగడి లేదు, చుట్టూ ఎండ తప్ప ఏమీ లేదు. ముందు సీట్లో మనిషి దిగాడు. ముఖానికి నల్లద్దాలు లేవు. నావైపు చూస్తూ నిలబడ్డాడు. నాకు ఏమీ తోచక, డ్రైవరు గేటు దగ్గర ఐదు రోజులు చేసిన పనే చేశాను. చెయ్యెత్తాను.

చెయ్యెత్తినంతసేపు ఎంతసేపో మీకు చెప్పలేను.

"ఏం ఆపరేటరప్పా," అని వంద గజాల అవతలనుంచి కేక వినిపించింది. "తలకు నూనె బాగా పెట్టినావే. ఎవరిది పెండ్లి?"

బస్టాండంతా తిరిగి నన్ను చూసింది. గోడకు ఆనుకుని చెప్పాను, ఎవరి పెళ్ళో. ఆ దూరానికి వినపడి ఉండదు. "మల్లా పేపరు చదివే కండ్లు మాత్రం ఎత్తుకపోతివి గదప్పా," అని ఇంకో కేక వేసి జీపెక్కాడు. స్టీరింగు వెనకనుంచి డ్రైవరు కూడా చెయ్యెత్తాడు.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా, ఎవరొచ్చినా నేను సమ్మతి పత్రాన్ని కిందనుంచి పైకి చదివాను. ముందు కళ్ళు, తర్వాత నిప్పు. గదిలో జనం ఉంటే బయటికి పంపేవాణ్ణి. వెళ్ళమంటే అలిగేవారు. అలగనిచ్చాను.

ఇప్పుడు నా కళ్ళకే శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ చేయించుకోవాలి, వాయిదా వేస్తున్నాను. సాయంత్రం నడకకు పోతే ఎదురుగా వచ్చేవాళ్ళు ముఖాలు లేని మనుషులు. వాళ్ళలో ఎవరో చెయ్యెత్తినట్టు అనిపిస్తుంది. నేనూ చెయ్యెత్తుతాను. కొన్నిసార్లు అది కరెంటు స్తంభం. ఫరవాలేదు, దానికీ చెయ్యెత్తుతాను.